పదహారింట ఒకటి

గుడ్ల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా కోళ్ళ హేచరీలో పని చేస్తున్నాను. గుడ్డును లైటు ముందు పెడితే లోపల పిల్ల ఉందో లేదో రెప్పపాటులో చెప్తాను. ఆ గర్వమే కొంప ముంచింది. నా కొంప మునిగినా బాగుండేది, తమ్ముడి కొంప మునిగింది.

తమ్ముడు పెయింట్ల షాపులో రంగులు కలిపేవాడు. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి తెచ్చిస్తే చాలు, అచ్చం అదే రంగు కంటి అంచనాతో కలిపి డబ్బాలో పోసి ఇచ్చేవాడు. పెళ్ళి చేసుకోరా అని నేను చెవినిల్లు కట్టుకుని పోరుతుంటే, ఒకరోజు రెండు పాములను ఇంటికి తెచ్చాడు. కార్న్ స్నేక్‌లట, విషం లేదట. నేను గడప అవతలే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఎందుకక్కా అంత కోపం? కనీసం ఇవి నీలా బుసలు కొట్టవు" అన్నాడు.

ఒకదాని ఒళ్ళు బూడిదరంగులో ఊదా కలిపినట్టు ఉండేది. రెండోదానికి నలుపన్నదే లేదు, నారింజ మచ్చలు, ఎర్రటి కళ్ళు. తీరా పిల్లలు పుడితే అన్నీ మామూలు పాముల రంగే.

"కొండను తవ్వి ఎలుకను పట్టావు" అన్నాను.

"మంచిదేగా, వీటికి మేత" అన్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. తల్లి రంగూ తండ్రి రంగూ ఆ పిల్లల్లో దాక్కుని ఉంటాయట. వాటిని మూడేళ్ళు పెంచి జత కడితే, అప్పుడు పుట్టేవాటిలో పదహారింట ఒకటి రెండు రంగులూ కలిసి ఒక వింత తెలుపుగా బయటపడుతుందట. "అది ఫోటోలో సరిగ్గా రాదక్కా. కళ్ళతో చూడాల్సిందే."

ఆ మూడో ఏడే వాడి కళ్ళు పాడవటం మొదలైంది. పక్కనుంచి వచ్చే మనిషి కనపడటం మానేశాడు. షాపులో ఒక డబ్బా రంగు తప్పింది, తర్వాత ఇంకొకటి. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఆపరేషన్ చేస్తే మిగిలింది ఒక ఏడాది నిలవచ్చని డాక్టరు చెప్పాడు. నేను ఏడుస్తున్నాను. వాడు మాత్రం, "ఈ వేసవిలో మా పాము గుడ్లు పెడుతుంది, రెండు నెలల్లో పిల్లలొస్తాయి. అప్పటిదాకా రంగులు కనపడతాయిగా?" అని అడిగాడు. కనపడతాయన్నాడు డాక్టరు.

పదిహేడు గుడ్లు పెట్టింది. మెత్తటి తోలులాంటి పెంకుతో పొడుగ్గా ఉన్నాయి. ఒకదానికొకటి అంటుకోకముందే విడదీసి, తడి నాచు పరిచిన డబ్బాలో వరసగా పేర్చి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఇంటు గుర్తు వేశాడు. ఐదో రోజున ఆపరేషన్‌కు వేరే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"అక్కా, గుడ్లను మాత్రం..."

"తాతకు దగ్గులు నేర్పుతావేరా? బస్సు పోతుంది, నడువు."

నవ్వి వెళ్ళిపోయాడు.

హేచరీలో గుడ్డును తిప్పకుండా ఉంచితే లోపలి పిల్ల పెంకుకు అంటుకుని చస్తుంది. మిషన్ గంటగంటకూ తిప్పుతుంది, కరెంటు పోతే మేము చేత్తో తిప్పుతాం. ఇంటు గుర్తు చూడగానే అది తిప్పిన లెక్క కోసమే అనుకున్నాను. రెండో వైపు నేనే సున్నా చుట్టాను. పొద్దున ఇంటు పైకి, సాయంత్రం సున్నా పైకి. పాములంటే ఒళ్ళు జలదరించే నేను, పద్దెనిమిది రోజులు ఒక్క పూట తప్పలేదు. ఫోనులో వాడు అడిగినప్పుడల్లా, "నీకంటే బాగా చూసుకుంటున్నాలే" అనేదాన్ని.

కంటికి కట్టుతో వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా డబ్బా మూత తీశాడు. గుడ్లు పసుపెక్కి సొట్టలు పోయి ఉన్నాయి. ముఖం బాగా దగ్గరకు పెట్టి చూసి, ఒక సున్నా మీద వేలు పెట్టాడు.

"ఇవి ఎవరు వేశారక్కా?"

"నేనే. రోజుకు రెండుసార్లు తిప్పాను."

వాడు మూత మళ్ళీ పెట్టేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. పాము గుడ్డులో పిల్ల పై పెంకుకు అంటుకునే పెరుగుతుందట. తిప్పితే అడుగున పడి, ఊపిరాడక పోతుందట. ఆ ఇంటు గుర్తు ఎప్పుడూ పైనే ఉండాలని వేసిందట.

సిగ్గు లేకుండా వాడి మీదే అరిచాను. "ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెప్పబోయాను" అన్నాడు.

ఒక్క మాట తిట్టినా బాగుండేది. మర్నాడు ఆ గుడ్లను వాడే తీసి పారేశాడు. "పోనీలే అక్కా, వచ్చే ఏడు మళ్ళీ పెడుతుందిగా" అన్నాడు. వచ్చే ఏడు సంగతి ఇద్దరికీ తెలుసు.

పాము మళ్ళీ పెట్టింది. ఈసారి నేను ఆ గది ఛాయలకు పోలేదు. పద్నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. అప్పటికి వాడికి కిటికీ ఎటుందో మాత్రం తెలుస్తోంది.

"రా అక్కా, నువ్వే చూడాలి" అని పిలిచాడు.

ఒక్కొక్కటీ చూశాను. పదమూడూ పాత రంగులే. ఒకటి మాత్రం తెల్లగా ఉంది, ఆ తెలుపులో ఇంకేదో ఉంది. భయం భయంగా తీసి వాడి అరచేతిలో పెట్టాను. అది వాడి వేళ్ళ సందున దూరింది. వాడి ముఖం వెలిగిపోయింది.

"ఏం రంగక్కా?"

"తెలుపురా."

"ఏ తెలుపు? లోపల గులాబీ ఉందా, ఊదా ఉందా?"

వాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వాడి చేతిలోని పిల్లను చూశాను. మళ్ళీ చూశాను. కోడిపిల్లల పసుపు తప్ప నా బతుకులో నేను ఏ రంగునూ నిలబడి చూసింది లేదు.

"తెలియట్లేదురా. చాలా బాగుంది. నాకు చెప్పడం రావట్లేదు."

వాడు నా చెయ్యి తడిమి పట్టుకున్నాడు. "సరేలే. నువ్వు చూశావుగా, చాలు."

"నేను చూసి ఏం చేసుకోనురా!" అని వాడి ముందే భోరుమన్నాను.