వంతు రాని మాట

మా బావగారు మంచివారే. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత ఆయన్ని తిట్టుకోవడానికి నాకు వీలుగా ఉంటుంది.

ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు, మా అక్క ఇంగ్లీషు సాహిత్యం చెప్పేది. రిటైరయ్యాక ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చోకుండా ఒక నిఘంటువు నెత్తికెత్తుకున్నారు. ఇప్పుడెవరూ వాడని పాత ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలు. సైన్సు మాటలు బావగారివి, కవిత్వం మాటలు అక్కవి. ముందుగది బల్లకు ఆ చివర ఆయన, ఈ చివర ఆవిడ, మధ్యలో చీటీలు నింపిన అట్టపెట్టెలు. రాసిందంతా కంప్యూటర్లోకి ఎక్కించే వెట్టిచాకిరీ నాది.

మొదట్లో ఎవరికి నచ్చిన మాట వాళ్ళు రాసుకుపోయారు. దాంతో ఈథర్ అనే మాటకు చెరో అర్థం రాసి, ఎవరిది ఉంచాలని తగువు పడ్డారు. ఆకాశమంతా నిండి వెలుగును మోసుకొస్తుందని పాత శాస్త్రజ్ఞులు నమ్మిన పదార్థం అని ఆయన. మబ్బులకు పైనుండే నిర్మలమైన గాలి అని ఆవిడ. చివరికి రెండూ ఉంచారు గానీ, బావగారు ఒక నియమం పెట్టారు. ఇకమీదట ఇంగ్లీషు అక్షరక్రమంలోనే రాయాలి. వంతు రాని మాట గురించి రాయకూడదు సరే, మాట్లాడకూడదు కూడా. మాట్లాడితే అర్థం పలచబడిపోతుందట. అక్క నవ్వి సరేనంది. ఆవిడ అన్నిటికీ సరేననడం వల్లే ఆయన అలా తయారయ్యారని నా కోపం.

ఎం అక్షరం దగ్గరికి వచ్చేసరికి అక్క ఊపిరితిత్తులు మొరాయించాయి. ఎక్కువ రోజులు లేవని డాక్టరమ్మ బావగారికీ నాకూ చాటుగా చెప్పింది. అక్కకు మేం చెప్పలేదు, కానీ ఆవిడేం చంటిపిల్లా తెలియకపోవడానికి? అప్పుడు బావగారు మయాస్మాకు అర్థం రాస్తున్నారు. కుళ్ళిన చోట్ల నుంచి లేచి జబ్బులు తెస్తుందని పాతకాలపు వైద్యులు నమ్మిన చెడుగాలి. అలాంటిదేదీ లేదని కింద రాసి, లేచి వెళ్ళి అక్క మంచం పక్క కిటికీలన్నీ తెరిచి వచ్చారు.

మర్నాడు అక్క నన్ను కలం, చీటీ అడిగింది. వెల్కిన్ రాస్తానంది. పాత కవులు ఆకాశాన్ని పిలిచిన పేరది. పాఠం చెప్పినన్నాళ్ళూ దానికి సరైన తెలుగు కోసం వెతుక్కుందట, ఇన్నాళ్ళకు దొరికిందట. నేను ఇవ్వబోతుంటే బావగారు అడ్డుపడ్డారు.

"డబ్ల్యూ ఇంకా రాలేదు కదా. వచ్చాక రాద్దువుగాని."

"ఈ ఒక్కటేనండీ," అంది అక్క.

"ఒక్కటైనా వరస వరసే. ఇప్పుడంత తొందరేముంది?"

అక్క ఆయన ముఖంలోకి చూసి సరేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని వంటింట్లోకి పిలిచి చెడామడా దులిపేశాను. అంతా విని, వెళ్ళి మళ్ళీ చీటీల ముందు కూర్చున్నారు.

ఆయన మందుల షాపుకి వెళ్ళినప్పుడు అక్కను చాటుగా అడిగాను, నాకైనా చెప్పమని. తల అడ్డంగా ఊపింది.

"మీ బావగారు డబ్ల్యూ వస్తుందంటున్నారుగా. ఇప్పుడు చెప్పేస్తే ఆయన మాట నేను నమ్మనట్టే కదే," అంది.

పీ దాటకముందే అక్క పోయింది.

బావగారు కొన్నాళ్ళు ఆ బల్ల ఛాయలకు రాలేదు. వచ్చాక మళ్ళీ వరసగానే రాశారు, అక్క మాటలకూ తానే తంటాలు పడుతూ. డబ్ల్యూ వచ్చింది. ఆ పొద్దున వెల్కిన్ చీటీ ముందు పెట్టుకుని, నేనిచ్చిన కాఫీ ముట్టకుండా కూర్చున్నారు. అక్క నాకేమైనా చెప్పిందా అని అడిగారు. లేదన్నాను.

"ఆ రోజు రాయనిస్తే, తను ఇక్కడిదాకా రాదని నేను ఒప్పుకున్నట్టయ్యేది. అందుకే వద్దన్నాను. వరసా లేదు, పాడూ లేదు," అన్నారు.

ఆ సంగతి అక్కకు తెలుసని, నాతో అన్న మాట కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, పెద్దగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఇద్దరూ పంతాలకు పోయి కాదు, ప్రేమకు పోయి ఒక మాట పోగొట్టుకున్నవాళ్ళను చూస్తే ఎవరిని తిట్టాలో తెలియదు.

మధ్యాహ్నానికి చీటీ నా చేతికిచ్చారు. "ఆకాశం. పాత కవిత్వంలో వాడుక." నేను టైపు చేశాను. అందులో తప్పేమీ లేదు. అక్క రాసేది మాత్రం అది కాదు.