రిపోర్టులో మొదటి సగం

ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది హన్నా ఒక్కతే. బ్యాంకు కాగితమైనా, మందు సీసా మీది అక్షరాలైనా ఆమె ముందుకే వచ్చేవి. డిగ్రీ చదివే పిల్లకు అదో గొప్ప. ఆ గొప్ప కాస్తా గురువారం మేడ్చల్ ఆసుపత్రిలో వదిలిపోయింది.

వాళ్లమ్మ సాయమ్మకు రొమ్ములో గడ్డ. నాలుగు కీమోలయ్యాయి. జుట్టు ఊడింది, గోళ్లు నల్లబడ్డాయి, అన్నం చూస్తేనే వాంతి. ఇంత నరకం పడ్డందుకు మందు పనిచేస్తోందా లేదా అని మళ్లీ స్కాన్ తీశారు. సాయమ్మ చేతికున్న సూది తీయించుకుంటుంటే, డాక్టర్ సుచిత్ర హన్నాను లోపలికి పిలిచి పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించింది.

"రొమ్ములో గడ్డ తగ్గింది. అయిదు సెంటీమీటర్లది మూడయింది. కానీ ఇదిగో, ఇది కాలేయం. మొదటి స్కాన్‌లో ఇక్కడ ఏమీ లేదు. ఇప్పుడు మూడు మచ్చలున్నాయి. అక్కడ తగ్గినా ఇక్కడ కొత్తగా వచ్చిందంటే ఈ మందు పనిచేయనట్టేనమ్మా. సోమవారం తీసుకురా. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, మందు మారుద్దాం. అది కొన్నాళ్లు ఆపొచ్చు. పూర్తిగా నయమవుతుందని మాత్రం ఇక చెప్పలేను."

బయట ఆటోలో కూర్చున్నారు తల్లీకూతుళ్లిద్దరూ. ఆటో నాయిన ఏలియాదే. ఆయన వెనక్కి తిరిగి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అన్నాడు.

హన్నా కాగితం విప్పింది. మొదట రాసి ఉన్నది రొమ్ము సంగతే. "గడ్డ మస్తు తగ్గిందట నాయినా. అయిదుంటే మూడయిందట."

అబద్ధం కాదు, కాగితంలో ఉన్నదే. కానీ సాయమ్మ నవ్వేసింది. నాలుగు నెలల తర్వాత పళ్లు కనబడేలా నవ్వింది. ఆ ముఖం చూశాక కింది సగం చదవడానికి నోరెవరికి వస్తుంది చెప్పండి? రేపు చెబుదామనుకుంది. ఆ రేపు వచ్చింది, పోయింది.

ఆదివారం శామీర్‌పేట మందిరంలో పాస్టరు గారు, సాక్ష్యాలు చెప్పేవాళ్లెవరని అడిగారు. ఎప్పుడూ చివరి వరసలో ముడుచుకుని కూర్చునే సాయమ్మ తలగుడ్డ సర్దుకుని లేచింది.

"దేవుడు నా గడ్డను కరగదీస్తుండు. నా బిడ్డనే సదివి చెప్పింది," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు హన్నా చేతులు పట్టుకుని అదృష్టవంతురాలివన్నారు. హన్నాకు తనను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

సోమవారం పొద్దున అసలు చిక్కు వచ్చింది. మందు మారుస్తారని వినగానే సాయమ్మ మంచం దిగనంది.

"గీ మందుకే తగ్గుతాంది గదనే! ఉన్నదే ఇయ్యుమను. కొత్తది ఇంకెట్లుంటదో ఏమో. నేను రాను పో."

ఎంత బతిమాలినా వినలేదు. వినకపోవడానికి కారణం తనేనని హన్నాకు తెలుసు. తను చెప్పిన మంచి మాటే ఇప్పుడు అమ్మను ఆసుపత్రికి పోనివ్వడం లేదు. ఇక దాచడానికి లేదు. ఏడుస్తూనే చెప్పేసింది.

"కాలేయంల మూడు మచ్చలున్నయమ్మా. మొదలు లేకుండె. నాకు గురువారమే తెలుసు. ఇగ నయం కాదట. కొత్త మందు కొన్ని దినాలు ఆపుతదేమో అన్నది డాక్టరమ్మ."

సాయమ్మ గోడ వైపు తిరిగింది.

"గంత మంది ముంగట నిలబడ్డ గదనే," అంది. తర్వాత హన్నా వైపు తిరిగింది. "నాకు సావాలని లేదు బిడ్డా."

తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. బయట నుంచి ఏలియా, "జల్దీ రాండ్రి, లేటయితాంది!" అని కేకేశాడు.

సాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ నాయినకు నేనే చెప్త. నువ్వు నోరు తెరవకు. నువ్వైతే మళ్ల సగమే చెప్తవ్."

హన్నా తల వంచుకుని ఫైలు పట్టుకుంది.

ఆటో కదిలింది. ఏలియా మంచి హుషారుగా ఉన్నాడు. వచ్చే ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూటం పెడదామన్నాడు. మందిరం వాళ్లందరికీ బగారన్నం వండిద్దామన్నాడు. గాజులరామారం నుంచి చెల్లెను పిలుద్దామా అని అడిగాడు.

మేడ్చల్ వచ్చేదాకా సాయమ్మ అన్నిటికీ ఊ కొడుతూనే ఉంది.