వదిన వంతు

ఇసుర్రాయి దగ్గర పాట ఒకరిది కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తిప్పుతారు. ఒకరు ఒక వరుస పాడి ఆగాలి, రెండోవారు అందుకోవాలి. మా ఇంట్లో ముందు వరుస నా ఆడబిడ్డ జములమ్మది, వెనక వరుస నాది. ఇది గద్వాలలో ఆడవాళ్లందరికీ తెలుసు. చీరలు కొనడానికి భార్యతో మా వీధికి వచ్చిన మద్రాసు సినిమా ఆయనకు మాత్రం తెలియదు.

గోడ అవతల నుంచి ఆయన చెవిన పడింది జములమ్మ గొంతు. ఆ గొంతు తన సినిమాకు కావాలన్నాడు. నా గొంతు ఊసు ఎత్తలేదు. ఎత్తితే వీధంతా నవ్విపోయేది, నాది కాకి గొంతు.

జములమ్మ కాపురానికి పోకముందే మొగుడు పోయాడు. పండగొచ్చినా పెళ్లొచ్చినా దాన్ని మూల గదిలోనే ఉంచేవారు. ఇక్కడే ఉంటే బతుకంతా అంతే. మా ఆయన తిరుపతయ్య చెల్లెలికి ఒక్కటే మాట చెప్పాడు.

"బండెక్కేముందు ఒక్కపారి పాడుమంటుండ్రు. కుదిరితే పో, అమ్మ నీ ఎంట వస్తది. కుదరకపోతే మల్ల ఈ ఇంట్ల పాట ఇనపడొద్దు, ఇసుర్రాయి కాడ గూడ."

నావైపు తిరిగి, "నువ్వు నోరు తెరువకు," అన్నాడు.

స్టేషన్‌కు పోయే దారి పొడుగునా దాని చెవిలో పోరాను. "ఆగకు. రెండు వరుసలూ నువ్వే పాడు." తల ఊపింది.

ప్రయాణికుల గదిలో సినిమా ఆయన హార్మోనియం ముందు కూర్చున్నాడు. కర్నూలు వైపు పోయే బండికి గంట కొట్టేశారు. జములమ్మ కింద కూర్చుంటే, నేను అలవాటుకొద్దీ దాని ఎదురుగానే కూలబడ్డాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

"ఏ ఊరి జొన్నలే ఇవి, తెల్లంగ ఉన్నయి?"

దాని గొంతు గదంతా నిండిపోయింది. ఆయన భార్య చీరల మూట పక్కన పెట్టి ముందుకు వంగింది. జములమ్మ ఆగింది.

"కానీ అమ్మా," అన్నాడు ఆయన.

మళ్లీ అదే వరుస పాడింది. మళ్లీ ఆగి నా ముఖంలోకి చూసింది. నా వరుస నాలుక చివరకు వచ్చింది. మా ఆయన గుమ్మంలో నిలబడి నా నోటినే చూస్తున్నాడు. పళ్లు బిగించుకున్నాను.

"పాపం, మరిచిపోయినట్టుంది. బండి కూడా వచ్చేస్తోంది," అంటూ ఆయన హార్మోనియం మూయబోయాడు.

నా ముఖం కనబడినంతసేపూ అది ఆగుతూనే ఉంటుందని అప్పుడు వెలిగింది. లేచాను. మా ఆయన్ని తోసుకుని బయటికి నడిచాను. "వదినా," అని పిలిచింది. తిరిగి చూడలేదు.

దూరంగా ఇంజిను పొగ కనిపిస్తోంది. లోపల చప్పుడు లేదు. పాడవే ముదనష్టపుదానా, అని లోలోపలే తిట్టాను.

"ఏ ఊరి జొన్నలే ఇవి, తెల్లంగ ఉన్నయి? ఎర్ర చెల్క జొన్నలమ్మ, ఎండకు పండినయి."

నా వరుస, దాని గొంతులో. ఎంత బాగుందో. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆ బండికే మా అత్తను తోడు తీసుకుని జములమ్మ వెళ్లిపోయింది.

రెండేళ్లకు గోడలనిండా దాని బొమ్మలే. గద్వాలలో డేరా వేసి సినిమా ఆడించారు. మా వీధి ఆడవాళ్లమంతా పోయి ముందు కూర్చున్నాం. తెర మీద జములమ్మ పట్టుచీర కట్టి జొన్నలు విసురుతోంది. పట్టుచీరలో పిండి విసిరే పిచ్చిది ఏ ఊళ్లో ఉంటుందో ఆ సినిమా ఆయన్నే అడగాలి.

"ఏ ఊరి జొన్నలే ఇవి, తెల్లంగ ఉన్నయి?"

నేను నోరు తెరిచాను. ఆలోపే నా వరుస తనే పాడేసి ముందుకు పోయింది.

ఇంటికి వస్తుంటే మా ఆయన అడిగాడు. "ఏందే ఏడుస్తున్నవు? సంతోషమే గద?"

"సంతోషమే," అన్నాను. "నా వంతు రాలె, గంతే."