ఎండ వేడి, ఒంటి వేడి

కొత్త వస్తువు కంటబడితే తిరగేసి బోర్లేసి చూడనిదే గంగక్కకు నిద్రపట్టదు. ఊరికి సోలార్ ప్లేట్లు వచ్చిన కొత్తలో వాటి కింద దూరి, కాపలావాడి చేత చీవాట్లు తిన్న మనిషి. ఆ కరోనా ఏడాది ఆశా కార్యకర్త శిల్పశ్రీ జ్వరం చూసే గన్ను తెచ్చిందని వినగానే, పొయ్యి కూడా ముట్టించకుండా పొద్దున్నించీ బలసముద్రం బడి వరండాలోనే కూర్చుంది. శిల్పశ్రీ అక్కడికి వచ్చినవాళ్ళందరికీ పెట్టి చూస్తుంటే, ఆ గన్ను నుదుటికి ఆనకుండానే జ్వరమెంతో చెప్పేస్తోంది! ఇదేం చోద్యమో ఆమెకు అంతుపట్టలేదు.

మిట్టమధ్యాహ్నం మొగుడు బొమ్మన్న సోలార్ ప్లేట్ల పక్కన గొర్రెలు మేపి, మందను తోలుకుంటూ అటే వచ్చాడు. గన్ను పెడితే నూటొకటి. శిల్పశ్రీ మొహం మారిపోయింది.

"జ్వరముంటే పావగడ ఆసుపత్రికి పంపమని ఆర్డరుండాది బొమ్మన్నా. బండి పిలుస్తా."

"గొర్రెలు ఈనే దినాలు గదమ్మా! నేను ల్యాకుంటే పిల్లలు దక్కుతాయా?" అన్నాడు బొమ్మన్న మందకేసి చూస్తూ.

గంగక్క గుండె గుభేలుమంది. అయినా బుర్ర ఊరుకుంటేనా! పొద్దున పట్టుకుంటే ఆయన చేయి చల్లగానే ఉంది. ఇంతలో ఈ జ్వరం యాణ్ణించి వచ్చింది?

"పాపా, ఆ గన్ను మా పొట్టేలుకు పెట్టి చూడు."

"గొర్రెకా?"

"పెట్టమ్మా, దాంట్లో తూటాలేమన్నా ఉండాయా?"

నూటమూడు.

"మరి దీన్నీ బండెక్కిస్తావా? ఇది ఎండ వేడి పాపా. ఈయప్పను నీడన కూర్చోబెట్టి అర్ధగంటకు చూడు."

నవ్వొచ్చినా, శిల్పశ్రీకి ఆ మాట సబబుగానే తోచింది. అరగంట తర్వాత అందరూ గుడ్లప్పగించి చూస్తుండగా మళ్ళీ పెట్టింది. తొంభై ఎనిమిది!

గంగక్క సంబరం అంతా ఇంతా కాదు. తనే ఆ గన్నును కనిపెట్టినట్టు అందరికేసీ చూసింది.

"ఇంక ఎండలోంచి వచ్చినోళ్ళందరినీ ఇట్లే చూస్తా," అంది శిల్పశ్రీ పుస్తకంలో అంకె దిద్దుకుంటూ. "అవునక్కా, పొద్దున్నించీ ఈడే ఉండావు, నీది చూడనేలేదే?"

గంగక్క ముచ్చటపడుతూ నుదురు ముందుకు వంచింది.

నూటొకటి.

"మిషను చెడిపోయిందేమో," అన్నాడు బొమ్మన్న. శిల్పశ్రీ మళ్ళీ పెట్టింది. నూటొకటిన్నర.

గంగక్క తను కూర్చున్న మూలను ఒకసారి చూసుకుంది. అక్కడికి ఎండ పొడ కూడా రాదు. ఆమెకు నిజంగా భయమేసింది. బొమ్మన్న దగ్గరికి రాబోతే చేయి అడ్డం పెట్టింది.

"దూరముండప్పా," అంది. "పాపా, నేను పొద్దున్నించీ నీడనే ఉంటిని. బండిని పిలువు."