జిప్పు వేసిన బ్యాగు

"ఎత్తండి, ఎత్తండి! సంచులు పైకెత్తండి! నాకు కనపడాలి!"

గేటు మనిషి గొంతు చించుకుంటున్నాడు. తెల్లారి పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. కుట్టు హాల్లో పనిచేసే ఆడవాళ్ళు గోడవారగా బారు తీరి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సంచి ఎత్తి పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ జరుగుతున్నారు. గేటు పక్కన రేకుల కప్పు ఉంది గాని అది కార్ల కోసం వేసింది. మనుషులకైతే గొడుగులుంటాయి, పాపం కార్లు గొడుగు పట్టుకోలేవు.

ఆ సంచి సంగతి కాస్త చెప్పుకోవాలి. అది ప్లాస్టిక్ సంచి. అద్దంలా లోపలున్నదంతా కనిపిస్తుంది. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవేమో డబ్బున్న ఆడవాళ్ళు మోచేతికి తగిలించుకునే తోలు బ్యాగులు. ఒక్కోదాని ఖరీదు, దాన్ని కుట్టే మనిషి ఐదు నెలల జీతం. అంత ఖరీదైన సరుకు మధ్య తిరిగేవాళ్ళు తోలు ముక్కో, ఇత్తడి కొక్కెమో ఎత్తుకుపోతారేమోనని కంపెనీ భయం. పోయేటప్పుడు చూస్తే సరిపోదా అంటే, వచ్చేటప్పుడు ఏం తెచ్చారో తెలిస్తేనే కదా పోయేటప్పుడు ఏం పట్టుకెళ్తున్నారో తెలిసేది అంటారు. అందుకని కుట్టు హాలు వాళ్ళు ఈ సంచి తప్ప వేరేది తేకూడదు. తెస్తే ఆ రోజు జీతం కోత, మాట వినకపోతే పనిలోంచి తీసివేత. సంచి కంపెనీయే ఇస్తుంది. ఊరికే ఇస్తుందనుకునేరు, దాని ఖరీదు జీతంలో పట్టుకుంటుంది. ఆఫీసు వాళ్ళకి మాత్రం ఈ నియమం లేదు. వాళ్ళు దొంగతనం చెయ్యరని కంపెనీకి ఎవరు చెప్పారో తెలీదు.

బారులో దబ్బనం ముందు, హాలంతా పెద్దక్క అని పిలిచే పెద్దావిడ నిలబడి ఉంది. దబ్బనం అంటే గోనెలు కుట్టే సూది కాదు, హ్యాండిళ్ళు కుట్టే మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుందనీ, మాట సూటిగా గుచ్చుకుంటుందనీ చేరిన కొత్తలో ఎవరో ఆ పేరు పెట్టారు. పేరు నిలిచింది గాని మాట నిలవలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ గేటులోంచి వచ్చీ పోయీ మొన అరిగిపోయింది.

"ఏం పెద్దమ్మా, కాపురం ఎత్తుకొచ్చేశావా?" గేటు మనిషి పెద్దక్క సంచి లాక్కుని పైకెత్తాడు.

అన్నం డబ్బా పక్కన మడతపెట్టిన లోబట్టలు. వాటి పక్కన పాత దుప్పటి చింపి చేసుకున్న గుడ్డలు. కిందటేడు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ పెద్దక్కకి దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా ఒంట్లో పట్టు ఉండటం లేదు. పూటకి ఒక్కసారే బాత్రూముకి పంపుతారు. మార్చుకోవడానికి బట్టలు లేకుండా ఆవిడ బయటికి రాలేదు.

"ఇవాళ ఎక్కువే తెచ్చావే! వాన బాగా పడుద్దనా?"

లారీలో సరుకు ఎక్కించే మగవాళ్ళు పగలబడి నవ్వారు. పెద్దక్క కూడా నవ్వింది. నవ్వితే తనకే ముప్పని తెలిసీ నవ్వింది. పిల్లాపాపలున్న మనిషి, మనవలని ఎత్తిన మనిషి, ఇంకేం చేస్తుంది?

దబ్బనం నోరు తెరవలేదు. తన సంచి తను ఎత్తి చూపించి లోపలికి నడిచింది.

పగలంతా సూది చేతిలో పట్టుకుందన్నమాటే గాని మనసు పని మీద లేదు. భోజనం వేళ పెద్దక్క పక్కన చేరింది.

"అక్కా, పొద్దున నేను…"

"నువ్వేం అంటావే పిచ్చిదానా. ఏమన్నా అంటే రేపట్నుంచి నీ సంచి రెండుసార్లు చూస్తాడు." పెద్దక్క డబ్బా మూత పెట్టేసింది. మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. "రేపట్నుంచి ఆ గుడ్డలు తీసుకురాను. నీళ్ళు మానేస్తే సరిపోతుంది. రోజంతా తాగకుండా ఉంటే చావనులే."

ఆ మాట దబ్బనానికి సూది దిగినట్టు దిగింది. బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ అదే మాట.

ఇంట్లో బీరువా మీద, పాత దుప్పట్లో చుట్టి, దానిపైన ఇంకో ప్లాస్టిక్ కవరు కప్పి, దబ్బనానికి ఒక బ్యాగుంది. ముదురు గోధుమ రంగు, మెత్తటి తోలు, ఇత్తడి జిప్పు. నకిలీ కాదు, ఎత్తుకొచ్చిందీ కాదు. కొనుక్కుంది.

ఎందుకు కొందంటే తనే చెప్పలేకపోయేది. ఇన్నేళ్ళలో కుట్టిన హ్యాండిళ్ళు బళ్ళకొద్దీ ఉంటాయి. అవి బ్యాగుకి తగిలించేది వేరే హాలు, తళుకు పెట్టేది ఇంకో హాలు. తయారైన బ్యాగులో చెయ్యి పెట్టి చూసింది ఏనాడూ లేదు. ఓవర్‌టైం డబ్బు ఏళ్ళ తరబడి కూడబెట్టి ఒక సెలవురోజు అద్దాల షాపుకి పోయింది. అక్కడి అమ్మాయి ఆమె చెప్పుల వంక చూసి, "పొరపాటున వచ్చినట్టున్నారు" అంది. "పొరపాటెందుకమ్మా, రెండు బస్సులు మారి వచ్చాను" అంది దబ్బనం. ఆ ఒక్కరోజూ దబ్బనం మళ్ళీ దబ్బనమే. డబ్బు బల్లమీద పెట్టి, బ్యాగు పట్టుకుని, రాణిలా బయటికొచ్చింది.

వచ్చిందా, అక్కడితో సరి. బస్సెక్కగానే భయం పట్టుకుంది. రద్దీలో గీత పడుతుందేమో. వాన తగుల్తుందేమో. ఎవడన్నా కోసుకుపోతాడేమో. బ్యాగుకి సంచి తొడిగి, సంచిని ఒళ్ళో దాచుకుని ఇల్లు చేరింది. ఎప్పుడన్నా కిందికి దించాలంటే ముందు చేతులకి తెల్ల నూలు తొడుగులు వేసుకునేది. ఫ్యాక్టరీలో తయారైన సరుకు ఒట్టిచేత్తో ముట్టుకోకూడదు, వేలిముద్ర పడితే జరిమానా. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. బ్యాగు నలక్కుండా లోపల కుక్కిన కాగితాల ఉండలు కూడా షాపువాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"బ్యాగులో సామాను పెట్టుకుంటారు గాని కాగితాలకి కాపురం పెడతారటే?" అనేది అత్త. "దాన్ని నువ్వు వాడట్లేదే, అదే నిన్ను వాడుకుంటోంది."

ఒక్కసారి బయటికి తీసింది, ఆడపడుచు కూతురి పెళ్ళికి. ఆడపడుచు మొగుడు బ్యాగుని ఎగాదిగా చూసి, చెవి దగ్గరికొచ్చి, "గేటెలా దాటించావు చెల్లాయ్? మా ఇంటికీ ఒకటి చూడరాదూ" అని కన్నుగీటాడు. కొన్నానని చెప్పింది. అందరూ నవ్వారు. ఎవరూ నమ్మలేదు. కొననిదానిలా, చెయ్యని నేరం చేసినదానిలా, తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది. మర్నాడు బ్యాగు బీరువా మీదికెక్కింది, అంతే. సొంత డబ్బు పెట్టి కొన్న వస్తువు చేతపట్టుకుంటే దొంగ, కప్పెట్టుకుంటే మంచిది. ఇదేం న్యాయమో!

ఇంటికొచ్చిన దబ్బనం కాళ్ళు కడుక్కోకుండానే స్టూలెక్కి బ్యాగు దించింది. తొడుగుల కోసం చెయ్యి చాచి, ఆగిపోయింది.

"ఏంటే, అమ్మేస్తావా?" అంది అత్త మంచం మీంచి.

"లేదత్తా. రేపు పనికి పట్టుకెళ్తాను."

గోడలకి రంగులేసి వచ్చి చేతులు కిరసనాయిలుతో రుద్దుకుంటున్న మొగుడు తలెత్తాడు. "నీకేమన్నా పిచ్చా? ఆ గేటులోకి పనిగట్టుకుని ఆ కంపెనీ బ్యాగే పట్టుకెళ్తావా? పాము పుట్టలో చెయ్యి పెట్టడమంటే ఇదే. ఎక్కడిదంటే ఏం చెప్తావు?"

"కొన్నానని చెప్తాను."

"మా బావే నమ్మలేదు, వాడు నమ్ముతాడా?"

దబ్బనం పెద్దక్క సంగతి చెప్పింది. లారీ వాళ్ళ నవ్వు చెప్పింది. నీళ్ళు మానేస్తానన్న మాట కూడా చెప్పింది. "నేను పక్కనే ఉన్నాను. పక్కనే ఉండి, నా సంచి నేను ఎత్తి చూపించుకుని పోయాను. నాకు సిగ్గేసింది. బ్యాగు గురించి కాదు, నా గురించి."

అత్త లేచొచ్చి, జిప్పు లాగి, లోపలి కాగితాల ఉండలు ఒక్కొక్కటే తీసి పొయ్యి దగ్గర పడేసింది.

"పొయ్యి రాజేసుకోడానికి పనికొస్తాయిలే. ఇన్నాళ్ళకి ఈ బ్యాగుకో పని దొరికింది" అంది.

మొగుడు బ్యాగు వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. గోడకి తగిలించిన సంచిలోంచి షాపు రసీదు వెతికి తెచ్చి బ్యాగు అడుగున పెట్టాడు. "వాడు అడిగితే చూపించు. మొండికెయ్యకు. పని పోతే నా ఒక్కడి కూలితో ఇల్లు గడవదు, ఆ సంగతి నీకూ తెలుసు."

తెలుసు. అందుకే రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున బస్టాపులో పెద్దక్క ఒట్టిచేతుల్తో కనిపించింది. అంటే అన్నం డబ్బా ఉన్న సంచి తప్ప ఇంకేం లేదు. నీళ్ళు తాగలేదని పెదాలు చూస్తేనే తెలుస్తోంది.

"ఇంటికి పోయి ఆ బట్టలు పట్రా అక్కా. నా బ్యాగులో పెడతాను. దీంట్లోంచి ఏదీ కనపడదు."

పెద్దక్క బ్యాగుని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! దీంట్లోనా? ఇంత ఖరీదైనదాంట్లో నా గుడ్డలా? వద్దే తల్లీ, మైలపడిపోతుంది."

"నీ గుడ్డలకంటే ఖరీదైంది నా దగ్గరేం లేదక్కా. త్వరగా రా, బస్సొచ్చేస్తుంది."

ముసురు ఇవాళా అలాగే ఉంది. బారు కదులుతోంది. సంచులు పైకి లేచాయి. దబ్బనం ఈసారి పెద్దక్క ముందు నిలబడింది. ఆమె చెయ్యి పైకి లేవలేదు. బ్యాగు మోచేతికి వేలాడుతోంది.

"ఏయ్, ఏయ్! ఏంటది?"

"బ్యాగు."

"కళ్ళున్నాయి, కనపడుతోంది. మన కంపెనీది కాదూ?"

"కంపెనీ చేసింది. నేను కొన్నాను."

గేటు మనిషి లారీ వాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. "కొన్నదట! సరేలేమ్మా మహారాణీ, జిప్పు తియ్యి."

"తియ్యను."

అతనికి అర్థం కాలేదు. ఆ మాట ఆ గేటు దగ్గర ఎప్పుడూ వినలేదు మరి. "ఏంటీ?"

"తియ్యను."

"రసీదుందా?"

"ఉంది."

"చూపించు."

"బ్యాగులో ఉంది. జిప్పు తియ్యను."

బారు ఆగిపోయింది. వెనకవాళ్ళు ఏమైందేమైందని మెడలు చాచారు. అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. భుజాన నల్లటి తోలు బ్యాగు, చేతిలో గొడుగు. సంగతి విని, చిన్నపిల్లకి చెప్పినట్టు మెత్తగా చెప్పాడు.

"చూడమ్మా, ఒక్క నిమిషం పని. తప్పు చెయ్యనిదానివి నీకు భయమెందుకు? తెరిచి చూపించు, పోయి పని చేసుకో."

ఇల్లు గడవదన్న మాట దబ్బనం చెవిలో మోగింది. రసీదు పైన మడతపెట్టిన ఆ గుడ్డలు గుర్తొచ్చాయి. వెనక పెద్దక్క ఊపిరి వినిపిస్తోంది.

"మీరూ తప్పు చెయ్యలేదు కదండీ," అంది. "ముందు మీ బ్యాగు తెరవండి. అందులో మందులున్నాయో మాసిన బట్టలున్నాయో, అదిగో ఆ లారీ వాళ్ళందరికీ కనపడేలా పైకెత్తండి. వాళ్ళు నవ్వడం అయిపోయాక నాది తెరుస్తాను."

సూపర్‌వైజర్ చెయ్యి తనకి తెలీకుండానే బ్యాగుని వెనక్కి జరుపుకుంది. అది అందరూ చూశారు. అతని మొహం ఎర్రబడింది.

"మాటలు బాగా నేర్చావే! ఇవాళ్టి జీతం పోయినట్టే. సైరన్ మోగేలోపు తెరవకపోతే పని కూడా పోతుంది. చెప్పలేదనకు."

"అనను. దొంగనైతే పోలీసుల్ని పిలవండి. దొంగని కాకపోతే నా జిప్పుతో మీకేం పని?"

గేటు మనిషి విసురుగా చెయ్యి తిప్పాడు. "నువ్వు పక్కకి జరుగు. పెద్దమ్మా, నువ్వు రా. నీ సంచెత్తు."

పెద్దక్క కదల్లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచి అన్నం డబ్బాతో సహా చుట్టచుట్టి, ఏప్రాన్ కిందికి తోసి, పైనుంచి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ సంచికి చలిగా ఉంది నాయనా. లోపల పడుకుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి నవ్వింది లారీ వాళ్ళు కాదు. వెనక బారులో ప్లాస్టిక్ గరగరలాడింది. ఇంకెక్కడో ఇంకోసారి. ఎన్ని సంచులు కిందికి దిగాయో, ఎన్ని ఇంకా పైనే ఉన్నాయో దబ్బనం వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ధైర్యం చాలకపోవచ్చుననుకుంది.

సైరన్ మోగింది.

గేటు మనిషి చెయ్యి ఇంకా చాచే ఉంది. గొడుగు అంచు మీంచి చినుకు ఒకటి జారి బ్యాగు మీద పడింది. తోలు దాన్ని పీల్చుకుని, అక్కడ నల్లగా, గుండ్రంగా మచ్చ కట్టింది. ఆ పక్కనే ఇంకోటి పడింది.

దబ్బనం చూసింది. తుడవలేదు.