పన్నెండు చిట్టి రోకళ్ళు

జ్వరం తగ్గింది గానీ, పోతూపోతూ చిన్నకోడలి ముక్కుకు వాసన లేకుండా చేసిపోయింది. మూడు వారాలైనా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదామె. చెబితే చేసే చెక్క గరిటెల పనికే ఎసరని భయం. గరిటెలకూ తెడ్లకూ చెక్క ఎంచుకోవడం మామగారు నేర్పిన విద్య. వేప అయితే చేదు దిగుతుంది, టేకు నూనె వాసన వదలదు, మెత్తటి చెక్క నాలుగు రోజులకే పీచులు లేస్తుంది. చింతను మించింది లేదు. అదైనా వాసన చూశాకే లేత్ మీదికెక్కించాలనేవారాయన.

కొత్తగా బారు తెరుస్తున్న ఒకాయన, గ్లాసులో నిమ్మముక్కలూ పుదీనా నలపడానికి జానెడేసి రోకళ్ళు పన్నెండు చెయ్యమన్నాడు. ఇంట్లో ఉన్న చింతచెక్క చాలక కలప అడితి నుంచి మరో పలక తెచ్చింది. రంగు చూసింది, బరువు చూసింది, గోటితో గీసి చూసింది. వాసన ఒక్కటీ చూడలేక, అలాగే పని మొదలుపెట్టింది.

ఇవ్వాల్సిన రోజు పొద్దున గరుకు కాగితం కొనుక్కుని అడితి మీదుగా వస్తుంటే, తను పలక తీసుకున్న వరస మీదే పనివాడు చెదలమందు కొడుతూ కనిపించాడు.

"నాకిచ్చిన పలకకీ కొట్టారా?"

"మీది కొట్టకముందుదే అనుకుంటానమ్మా," అన్నాడు అడితి యజమాని.

ఆ 'అనుకుంటాను' చెవిలో జోరీగలా పట్టుకుంది. ఇంటికొచ్చి రోకళ్ళన్నీ బల్ల మీద పరిచింది. ఏవి పాత చెక్కవో, ఏవి అడితివో కలిసిపోయాయి. ఒక్కొక్కటే ముక్కుకు ఆనించింది. ఏమీ లేదు. నాలుగింటికి బారాయన వస్తాడు. భర్తను అడుగుదామంటే, పొడుం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఇక మిగిలింది పై వాటాలో ఉండే తోడికోడలు. కింద పోపు మాడకముందే పైనుంచి కేకేసే మనిషి. "మీ ముక్కు మా వంటింట్లో పెట్టకండి" అని నాలుగు నెలల కిందట చుట్టాల ముందు చిన్నకోడలు అనేసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మెట్లెక్కి పై వాటా గుమ్మంలో నిలబడింది.

"ఏం కావాలి?" అంది పెద్దామె, మడతపెడుతున్న బట్టల మీంచి తలెత్తకుండా.

"మీ ముక్కు కావాలక్కా."

వెటకారమనుకుని పెద్దామె మొహం గంటుపెట్టుకుంది.

"జ్వరం తర్వాత నాకు వాసన తెలియట్లేదు. మందు కొట్టిన చెక్క ఎవరి గ్లాసులో పడుతుందోనని..." అంది చిన్నామె.

పెద్దామె మడత సగంలో వదిలేసి లేచింది.

ఒక్కో రోకలినీ ఒక్కో గ్లాసు వేడినీళ్ళలో నిలబెట్టి మూతపెట్టారు. మూత తీసి పెద్దామె వాసన చూస్తుంటే, చిన్నామె ఆమె మొహాన్నే చూస్తూ నిలబడింది.

"చింతే. ఇదీ చింతే."

ఐదోదాని దగ్గర మొహం పక్కకు తిప్పుకుంది. "నల్లులమందులా ఉందే."

అలాంటివి ఐదు తేలాయి. పదకొండోదాన్ని మూడుసార్లు చూసి, "దీని సంగతి చెప్పలేను" అంది. దాన్నీ చెడ్డవాటిలోకే జరిపింది చిన్నామె.

బారాయన వచ్చి, జరిగింది విని తల పట్టుకున్నాడు. "సాయంత్రం తెరుస్తున్నామమ్మా. ఆరింటితో ఎలా? మిగతావి కడిగి నూనె పట్టించండి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ," అంది చిన్నామె. "ఇవ్వలేను."

"ఆ గ్లాసులో ముందు మీరు తాగుతారా?" అంది పెద్దామె వెనక నుంచి, నింపాదిగా.

ఆయన ఆరూ సంచిలో వేసుకుని ముక్తసరిగా తలూపి వెళ్ళాడు. మళ్ళీ పని చెబుతాడన్న నమ్మకం లేదు.

చెడ్డవాటిని ఎవరూ వాడకుండా చిన్నామె రంపంతో ముక్కలు కోసింది. పొయ్యిలో పెట్టరాదని మూటగట్టింది. అంతలో మరో భయం పట్టుకుంది. "మొన్న పక్కింటావిడకి గరిటె ఇచ్చానక్కా. ఏ చెక్కో గుర్తురావట్లేదు."

"పద," అంది పెద్దామె, అప్పటికే చెప్పులేసుకుంటూ.

పక్కింటావిడ గరిటె తెచ్చి ఇచ్చి, వీళ్ళిద్దర్నీ ఒక్కచోట చూసి తెల్లబోయింది. పెద్దామె గరిటెను అటూ ఇటూ తిప్పి వాసన చూసింది, కడిగించి మళ్ళీ చూసింది.

"ఉల్లిపాయ," అంది. "ఇంకేం లేదు."

చిన్నామె హమ్మయ్య అంటూ ఆ గుమ్మంలోనే కూలబడింది.