ఇందుమతి టాకీస్ లేడీస్ గేటు

కాశీబుగ్గ బజార్లో ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులు, బట్టల షాపులు వరసగా ఉన్నచోట ఒకప్పుడు ఇందుమతి టాకీస్ ఉండేది. ఆ షాపుల్లో కూర్చునే కుర్రాళ్లకి ఆ పేరు చెబితే తెల్లమొహం వేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. వజ్రపుకొత్తూరు నుంచి, అక్కుపల్లి నుంచి ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుని వచ్చి చూసిన హాలది. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పని దిగినవాళ్లు జీడినూనెకి నల్లబడిన వేళ్లతోనే టిక్కెట్టు అందించేవారు. తొంభైతొమ్మిది తుఫానుకి పైకప్పు రేకులు రైల్వే గేటు దాకా ఎగిరిపోతే, నెల తిరక్కుండా కొత్త రేకులు వేయించి మళ్లీ ఆట మొదలుపెట్టించాడు ఓనరు వైకుంఠరావు. ఆ రోజు కూడా లేడీస్ గేటు తీసింది నేనే. ఎనభై రెండు నుంచి, రెండువేల నాలుగులో మూసేసేదాకా, ఇరవై రెండేళ్లు అక్కడ టిక్కెట్లు చింపాను.

నా పేరు ఎలీసబెతు. మాది బాప్టిస్టు సంఘం. మా ఆయన పోయి, ఇద్దరు ఆడపిల్లలతో ఏం చేయాలో దిక్కు తోచని రోజుల్లో వైకుంఠరావు తండ్రి పిలిచి ఆ పని ఇచ్చాడు. పనిలో చేరిన నెలలోనే సంఘం నన్ను బల్ల నుంచి ఆపేసింది. బల్లంటే, నెలకోసారి మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ప్రభువును తలుచుకుని తీసుకుంటాం. సినిమా హాల్లో పనిచేసే మనిషికి అది లేదన్నారు. చర్చికి రావద్దని మాత్రం అనలేదు. వెళ్లేదాన్ని, చివరి వరసలో కూర్చునేదాన్ని, పళ్ళెం నా ముందు ఆగకుండా పక్కావిడ దగ్గరికి పోయేది. మా పెద్దమ్మాయి ఇవాంజెలిన్ బాప్తిస్మం తీసుకుని మొదటిసారి రొట్టె అందుకున్నరోజు కూడా నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అది ఇప్పటికీ మనసులో ముల్లులాగే ఉంది.

నన్ను ఆపించింది సంఘ పెద్ద జయకర్ మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. సంఘంలో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన భార్య కమలకుమారి మాత్రం వారానికోసారి మ్యాట్నీకి వచ్చేది, కొంగు నుదుటి మీదికి లాక్కుని. నేను టిక్కెట్టు చింపి సగం చేతిలో పెట్టేదాన్ని, తలెత్తేదాన్ని కాదు. ఆవిడొక్కతే అయితే సరే. మా సంఘం ఆడవాళ్లలో ఎవరికి ఏ రకం సినిమా ఇష్టమో నాకు కంఠతా వచ్చు. మాస్టారు కూడా మగవాళ్ల గేటు దగ్గర ఎన్నిసార్లు కనబడ్డాడో. పోలీసు కథలంటే ఆయనకి ప్రాణం. ఒక్క పేరు కూడా నా నోట్లోంచి బయటికి రాలేదు. వాళ్ల మీద జాలి కాదు. గేటులో నిలబడ్డ మనిషి వచ్చినవాళ్ల పేర్లు ఊళ్లో పంచితే అది గేటే కాదని నా పట్టుదల.

కేబుల్ టీవీ వచ్చింది, తర్వాత సీడీలు వచ్చాయి, పక్క వీధిలో ఏసీ హాలు లేచింది. మా హాల్లో ఎలకలు తప్ప ఎవరూ పూర్తి సినిమా చూడని రోజులొచ్చాయి. వైకుంఠరావు మిషన్లు, జనరేటరు అమ్మేసి తాళాలు నా చేతిలో పెట్టాడు. "కొనేవోడు దొరికేదాకా నువ్వే సూసుకో" అన్నాడు.

పని పోయింది కదా, ఇక బల్ల ఇస్తారనుకున్నాను. మాస్టారు మా ఇంటికొచ్చి షరతు పెట్టాడు.

"అందరి ముందరా లేచి ఒక్క మాట సెప్పు ఎలీసబెతూ. పాపపు సోట పనిసేసేను, క్షమించండి అను. అంతే."

"ఆ సోటే నా పిల్లల్ని పెంచింది మాస్టారూ. దాన్ని పాపమంటే నా నోరు పడిపోద్ది. నాను సెప్పను."

"అయితే బల్ల రాదు మరి."

"రాకపోతే మానె. సూత్తాను ఎన్నాళ్లు రాదో."

అనడానికైతే అన్నాను. ఆయన గడప దాటాక తలుపేసుకుని ఏడ్చాను. బల్ల ముట్టకుండానే చచ్చిపోతానేమోనని నిజంగానే భయం వేసింది. అయినా ఆ మాట చెప్పడానికి మనసొప్పలేదు.

మరుసటి ఏడు మా చర్చి గోడ బీటలిచ్చింది. పడగొట్టి కొత్తది కట్టాలన్నారు. అప్పటిదాకా ఆరాధన ఎక్కడ? అంతమంది పట్టే హాలు, అదీ ఖాళీగా ఉన్నది, ఊళ్లో ఇందుమతి ఒక్కటే. టెక్కలి నుంచి కొత్తగా వచ్చిన పాస్టరు జెకర్యా గారు, ముప్పై ఏళ్లు నిండని మనిషి, వెళ్లి వైకుంఠరావుని అడిగితే వెంటనే సరేనన్నాడు. పెద్దలే గొణిగారు. "సినిమా హాల్లో ఆరాధనేటి?" అన్నారు. ఆ మరుసటి ఆదివారం టార్పాలిన్ కింద వానలో నిలువునా తడిశాక ఆ గొణుగుడు ఆగింది.

అలా జూలై మొదటి ఆదివారం, పొద్దున్న తొమ్మిదింటికి, లేడీస్ గేటు తాళం తీశాను. మగవాళ్ల గేటు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, అందరూ నా గేటులోంచే రావాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. పెట్రోమాక్స్ లైటు కోసం ఎవరో పరుగెత్తారు. ఇంతలో వాన అందుకుంది, జనం ఆగలేక లోపలికి వచ్చేశారు. కిటికీలు లేని హాలు, ఆ చీకటికి అలవాటైన నా కళ్లకి తప్ప లోపల కన్ను పొడుచుకున్నా కనబడదు. పైగా తలుపు దాటి నాలుగడుగులు వేస్తే జానెడు ఎత్తు సిమెంటు గట్టు ఉంటుంది. వాననీళ్లు కుర్చీల్లోకి రాకుండా తుఫాను తర్వాత రెండు గేట్ల దగ్గరా కట్టించారు. కొత్తగా వచ్చిన ఏ మనిషైనా దానికి తన్నుకుని బోర్లా పడాల్సిందే.

"గట్టుంది, జాగర్త" అందామని నోరు తెరిచాను. నేను తెరిచేలోగా కమలకుమారి కాలెత్తి దాటేసింది.

ఆవిడ వెనక ఇంకొకావిడ. అలాగే కాలెత్తింది. ఆ తర్వాత మగవాళ్లు. ముసలి పైడిరాజు తాత ముందు చేతికర్రని గట్టు అవతల ఆనించి, తర్వాత కాలు వేశాడు. జయకర్ మాస్టారు పంచె కొద్దిగా పైకి పట్టుకుని, చులాగ్గా దాటి, చీకట్లో ఎడమ చేతి వైపు మూడో వరసకి పోయి కూర్చున్నాడు. ఎనభై మంది దాకా వెళ్లారు. ఒక్కరికీ తగల్లేదు. నేను నోరు వెళ్లబెట్టి చూస్తూ పాస్టరు గారి సంగతి మర్చిపోయాను. ఆయన అందరికన్నా చివర బైబిలు గుండెలకి హత్తుకుని గబగబా వచ్చి, గట్టుకి తన్నుకుని దబ్బున పడ్డాడు.

పరుగెత్తి లేవదీశాను. మోకాలు రుద్దుకుంటూ చీకట్లోకి చూశాడు.

"ఇంతమంది ఎల్లేరు కదా. నాకొక్కడికే తగిలిందేటి?"

మాస్టారు దగ్గు వినబడింది. ఇరవై రెండేళ్ల కోపం నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఒక్కొక్కరి పేరు, వచ్చిన వారం, కూర్చున్న వరస కూడా చెప్పగలను.

"కొత్తోలకే తగుల్తాది అయ్యగారూ" అన్నాను. "రాను రాను అలవాటైపోద్ది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ పోయింది. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు.

లైటు వచ్చింది. పాటలు పాడాం, ప్రార్థన అయింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన పళ్ళెం ముట్టుకోకుండా నిలబడ్డాడు.

"ఎలీసబెతమ్మ ఒప్పుకుంటే గాని బల్ల ఇవ్వకూడదని నాకు సెప్పేరు. ఈ హాల్లో అడుగు పెట్టడం తప్పయితే ఆవిడొక్కర్తే ఒప్పుకోవడం నాయం కాదు. పొద్దున్న ఆ గట్టు తగలనోలందరూ లేవండి. మీరు ఒప్పుకోండి ముందు."

ఒక కుర్చీ టప్పుమని మడుచుకుంది. కమలకుమారి లేచింది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. ఇంకో కుర్చీ, ఇంకోటి. ఆఖరికి మూడో వరసలో మాస్టారు లేచాడు. గేటు వైపు, నా వైపు తిరిగాడు.

"ఇన్నేల్లూ నువ్వు మా పేర్లు సెప్పలేదు ఎలీసబెతూ. మేమే నీ పేరు సెప్పుకుంటా వచ్చేం. తప్పు నాది."

పాస్టరు గారు నా వైపు చెయ్యి చాపాడు. "లోపలికి రండమ్మా."

అప్పటిదాకా నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ హాల్లో ఒక్క కుర్చీలోనూ కూర్చోలేదు. ఆట మొదలయ్యాక కూడా గేటు వదిలిపెట్టే వీల్లేదు మరి. కమలకుమారి పక్క కుర్చీ మీద ఉన్న సంచీ తీసి కింద పెట్టింది. వెళ్లి కూర్చున్నాను. పళ్ళెం మొదట నా దగ్గరికే వచ్చి ఆగింది.

రొట్టె ముక్క నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గు వేయలేదు. ఆ కుర్చీల్లో కూర్చుని ఊరు ఊరంతా ఏడుస్తుంటే ఇన్నేళ్లు గేటు దగ్గర నిలబడి విన్నాను. ఆ రోజు నా వంతు వచ్చింది.